కోట గోడకు మొనలెందుకు మొలిచాయి? సాన్మికేలి బురుజుల లెక్క

ఇటలీ ఈశాన్యంలో పాల్మనోవా అనే చిన్న పట్టణం ఉంది. పైనుంచి తీసిన ఫొటోలో అచ్చం తొమ్మిది మొనల నక్షత్రంలా కనిపిస్తుంది. ఇలాంటి కోటల ఫొటోలు పెట్టి, ఇవి మరుగునపడిన ఏదో మహా నాగరికత కట్టిన శక్తి కేంద్రాలని చెప్పే వీడియోలు కొన్నేళ్లుగా తిరుగుతున్నాయి. వాటిని చూసి నిజమేనేమో అనుకునేవాళ్లూ ఉన్నారు. ఎవరు, ఎప్పుడు, ఎందుకు కట్టారో దాదాపు ప్రతి కోటకూ లెక్కలున్నాయి. పాల్మనోవాకు 1593లో శంకుస్థాపన జరిగింది. కట్టించింది వెనిస్ రిపబ్లిక్. పాల్మనోవాతో పాటు బెర్గమో, పెస్కియేరా, క్రొయేషియాలోని జాదర్, షిబెనిక్, మాంటెనెగ్రోలోని కోటర్ కోటలను యునెస్కో 2017లో ఒకే వారసత్వ కట్టడంగా గుర్తించింది.

ఆ ఆకారం వెనక ఉన్నది జ్యామితి. అది అర్థం కావాలంటే వెరోనాకు చెందిన 16వ శతాబ్దపు కోటల శిల్పి మికేలె సాన్మికేలి పని దగ్గర మొదలుపెట్టడం మంచిది. ఆయన కట్టినవాటిలో కొన్ని ఇప్పటికీ నిలిచి ఉన్నాయి, ఒకటి 21 ఏళ్ల ముట్టడిని చూసింది. పైగా, ఈ కోణపు బురుజులను కనిపెట్టింది ఆయనేనా అన్న తగవు కూడా ఉంది.

ముందుగా నాలుగు మాటలు

బురుజు మనకు తెలిసిన మాటే. కోటగోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన కట్టడం. రెండు బురుజుల మధ్య సాగే గోడను ఈ వ్యాసంలో నడిమి గోడ అందాం. కోణపు బురుజుకు నాలుగు గోడలుంటాయి. శత్రువు వైపు తిరిగి మొన దగ్గర కలిసే రెండూ ముఖాలు. ముఖం చివరి నుంచి వెనక్కి తిరిగి నడిమి గోడను చేరే పొట్టి గోడలు రెండూ పక్కలు. ఫిరంగులన్నిటిలోకీ విలువైనవి ఈ పక్కల్లో ఉంటాయి, ముఖాల మీద కాదు. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

గోడ ముందు కందకం. కందకం అవతలి గట్టు మీద సైనికులు తల కనబడకుండా తిరిగే చాటుదారి. దాని ముందు పొలాల వైపు మెల్లగా దిగిపోయే మట్టి వాలు. ఈ వాలు వల్ల దూరంగా ఉన్న శత్రువుకు గోడ పైఅంచు తప్ప ఏమీ కనిపించదు. గోడ ఎత్తు తగ్గిందంటే అది దూరం నుంచి చూసేవాళ్లకే. కందకం అడుగున నిలబడి చూస్తే మునుపటంత ఎత్తూ అలాగే ఉంటుంది.

ఎత్తయిన గోడ ఎందుకు ఓడిపోయింది

1494లో ఫ్రాన్స్ రాజు ఎనిమిదో చార్లెస్ ఇటలీ మీదికి దండెత్తాడు. వెంట తెచ్చిన ఫిరంగులు కంచువి, గుర్రాలు లాగే బళ్ల మీద కదిలేవి, రాతి గుళ్ల బదులు ఇనప గుళ్లు పేల్చేవి. మరుసటి ఏడు నేపుల్స్ సరిహద్దులోని మోంతె సాన్ జొవాన్నీ కోట కొన్ని గంటల్లోనే పడిపోయింది. పాత కోట ధైర్యమంతా ఎత్తులో ఉండేది. నిచ్చెన అందకూడదు, పైనుంచి రాళ్లు వేయగలగాలి. ఫిరంగికి మాత్రం ఎత్తయిన సన్నటి గోడంత సులువైన గురి ఇంకొకటి లేదు. గోడ కింది భాగాన్ని వరసగా కొడితే పైభాగం తన బరువుకే ముందుకు కూలుతుంది. కూలిన రాళ్లు కందకాన్ని నింపి శత్రువుకు మెట్లవుతాయి.

తోచిన విరుగుడుకు రెండు భాగాలు. ఒకటి, గోడను కిందికి దించి, వెనక మట్టిపోసి మందం పెంచడం. ఇది అందరికీ త్వరగానే తోచింది. కానీ గోడ పొట్టిదైతే పైనుంచి నిట్టనిలువునా కొట్టే అవకాశం పోతుంది. మందం పెరిగితే పైన నిలబడ్డవాడికి గోడ మొదలు అసలే కనబడదు. అప్పుడు గోడ పాదాన్ని కాపాడేదెవరు? పక్క బురుజు. ఇదే రెండో భాగం. ఈ జవాబులోంచే మిగతాదంతా పుట్టింది.

కనబడని నేల: అంకెల్లో

ముందు నలుచదరపు బురుజును తీసుకుందాం. దాని ముఖం 20 మీటర్లు, గోడలోంచి 10 మీటర్లు ముందుకొచ్చింది. పక్క బురుజు ఫిరంగి నడిమి గోడ వరసలోనే, ఈ బురుజు దగ్గరి మూలకు 90 మీటర్ల దూరంలో ఉందనుకోండి. ఆ మూలను రాసుకుంటూ పోయే గుండు 90 మీటర్లలో 10 మీటర్లు బయటికి జరుగుతుంది. ముఖం మధ్యకు చేరడానికి ఇంకో 10 మీటర్లు పోవాలి, ఆలోగా మరో 1.1 మీటర్లు జరుగుతుంది. అవతలి వైపు నుంచీ ఇదే కథ. అంటే ముఖానికి ఆనుకుని 20 మీటర్ల వెడల్పు, మధ్యలో 1.1 మీటర్ల లోతున్న త్రికోణం ఏ ఫిరంగికీ అందదు. మూలకు ఫిరంగి 30 మీటర్ల దగ్గరలోనే ఉంటే ఆ లోతు 3.3 మీటర్లవుతుంది. గునపం, పార పట్టుకుని పదిమంది ఒదిగి కూర్చుని గోడ కింద సొరంగం తవ్వుకోవడానికి ఇది చాలు.

గుండ్రటి బురుజు సంగతి చాలా పుస్తకాల్లో బొమ్మలు చూపించినంత ఘోరం కాదు. వ్యాసార్ధం 10 మీటర్లు, కేంద్రానికి 100 మీటర్ల దూరంలో గోడ వరసలో ఫిరంగి ఉంటే, దాగి ఉండే ముక్క బురుజు ముందు రెండు మీటర్ల పొడవున, అయిదు సెంటీమీటర్ల లోతున మాత్రమే ఉంటుంది. కాగితం మీద అది దాదాపు సున్నా. అసలు చిక్కు వేరే రెండు చోట్ల ఉంది. వంపు గోడను తిన్నటి గుండు ఒక్క బిందువు దగ్గరే రాసుకోగలదు. కాబట్టి బురుజు ముందు ఎక్కువభాగం నేలను కొట్టాలంటే సొంత బురుజు మీదికే గురిపెట్టాల్సి వస్తుంది. రెండోది ఇంకా పెద్దది. వంపు గోడలో పెట్టిన ఫిరంగులు తలో దిక్కుకు చూస్తాయి. పక్క బురుజు వైపు సరిగ్గా చూసేది ఒక్కటో రెండో. మిగతావి పొలాల వైపే.

కోణపు బురుజు ఈ రెంటినీ ఒకేసారి తీరుస్తుంది. ముందు పక్క బురుజులో ఫిరంగి చోటు గుర్తించాలి. అక్కణ్ణుంచి గీత గీయాలి. ఆ గీత మీదే ఈ బురుజు ముఖాన్ని కట్టాలి. ఇప్పుడు ఒక్క గుండు ముఖం మొదలు నుంచి మొన దాకా గోడను ఆనుకునే పోతుంది. గుండు బదులు సీసపు గుళ్లు, ఇనప ముక్కలు దట్టించి పేలిస్తే ముఖం పొడుగునా ఎవరూ నిలవలేరు. ఫిరంగులుండే పక్క తిన్నగా ఉంటుంది కాబట్టి, 25 మీటర్ల పక్కలో ఆరేడు మీటర్లకొకటి చొప్పున మూడు నాలుగు ఫిరంగులు ఒకే దిక్కుకు పనిచేస్తాయి.

ఏ బురుజూ తనను తాను కాపాడుకోదు. ప్రతిదీ తన పొరుగుదాన్ని కాపాడుతుంది. నక్షత్రం ఆకారం ఈ ఒప్పందానికి గీసిన పటం.

పక్కలోని ఫిరంగి పోతే మొత్తం ఒప్పందం పోతుంది. అందుకే దాన్ని ముఖం వెనక దాచారు. ముఖం చివరను కొంచెం ముందుకు పొడిగించి, గుండ్రంగా తిప్పి, దాని చాటున ఫిరంగిని లోపలికి జరిపారు. ఇటాలియన్లు దీన్ని ఒరెక్కియోనె, అంటే పెద్ద చెవి, అన్నారు. చెవి చాటున ఉన్న ఫిరంగి మైదానంలోని శత్రువుకు కనబడదు. కందకంలోకి దిగినవాడికి మాత్రమే ఎదురవుతుంది. నష్టమూ ఉంది: చెవి తినే చోటు వల్ల పక్కలో ఫిరంగుల సంఖ్య తగ్గుతుంది. పైన కప్పు వేస్తే నాలుగు దెబ్బలకే పొగతో ఊపిరాడదు, ఎదురేమీ కనబడదు. అందుకే చాలాచోట్ల ఈ ఫిరంగి అరుగుల మీద ఆకాశం తెరిచే ఉంచారు.

మొన ఎంత పదునుగా ఉండొచ్చు

ముఖాన్ని పక్క బురుజు ఫిరంగి నుంచి గీసిన గీత మీద కడితే మొన కోణం మన ఇష్టం కాదు, కోట ఎన్ని భుజాలదన్నదే దాన్ని తేలుస్తుంది. నడిమి గోడకూ ఆ గీతకూ మధ్య కోణం 15 డిగ్రీలనుకుంటే, కోట మూల కోణంలోంచి రెండు వైపులా 15 చొప్పున 30 డిగ్రీలు పోతాయి. చతురస్రపు కోటలో 90 నుంచి 30 పోతే మొన 60 డిగ్రీలు. పంచభుజిలో 108 నుంచి 78. షడ్భుజిలో 120 నుంచి 90. తొమ్మిది భుజాల పాల్మనోవా లాంటిదానికి 140 నుంచి 110.

పదునైన మొన ఫిరంగి దెబ్బకు పెంకులా రాలిపోతుంది. లోపల మట్టి నింపడానికీ ఫిరంగి తిప్పడానికీ చోటుండదు. మొన ఎంత మొద్దుగా ఉంటే అంత గట్టి. అయితే భుజాలు పెరిగితే చుట్టుకొలత, ఖర్చు, కాపలా మనుషులు అన్నీ పెరుగుతాయి. ఊరి అంచున విడిగా కట్టే చిన్న దుర్గాలకు పంచభుజి అంతగా నచ్చడానికి ఇదే కారణం. 1564లో తూరిన్‌లోనూ, 1567లో ఆంట్‌వెర్ప్‌లోనూ ఇటాలియన్ ఇంజనీరు ఫ్రాంచెస్కో పచోట్టో గీసిన దుర్గాలు రెండూ పంచభుజులే.

బురుజుల మధ్య దూరం మీద అప్పట్లోనే వాదం నడిచింది. ఫిరంగి దెబ్బదూరాన్ని కొలతగా తీసుకుంటే బురుజులు తక్కువ సరిపోతాయి, ఖర్చు కలిసొస్తుంది. చేతి తుపాకీ దూరాన్ని, అంటే దాదాపు 200 నుంచి 250 మీటర్లను తీసుకుంటే ఎక్కువ కావాలి. తుపాకీ పక్షం వాళ్ల మాటలో బలముంది: ఫిరంగి నింపడానికి చాలాసేపు పడుతుంది, తుపాకిమందు కూడా ఎక్కువ తింటుంది. కందకంలోకి శత్రువు దూకిన నిమిషంలో పనికొచ్చేవి తుపాకులే. తర్వాతి శతాబ్దంలో మొగ్గు వీళ్ల వైపే వచ్చింది.

సాన్మికేలి చేతి పని

మికేలె సాన్మికేలి 1484లో వెరోనాలో రాతి పనివాళ్ల ఇంట పుట్టాడు. కుర్రవాడిగా రోమ్ వెళ్లి పురాతన కట్టడాలు కొలిచాడు. ఓర్వియేతో అనే ఊళ్లోని ప్రధాన చర్చి పనులకు పెద్దగా ఏళ్ల తరబడి ఉన్నాడు. 1526లో పోప్ ఏడో క్లెమెంట్ ఆయన్ని, ఆంతోనియో దా సంగల్లో ద యంగర్‌ను జతచేసి తన ఏలుబడిలోని ఉత్తరాది కోటలు చూసిరమ్మని పంపాడు. తర్వాత సాన్మికేలి సొంత ఊరు చేరి వెనిస్ కొలువులో స్థిరపడ్డాడు.

వెనిస్‌కు అప్పుడు ఆయన లాంటివాడి అవసరం ఎంతో ఉంది. 1509లో అన్యదెల్లో యుద్ధంలో ఓడి, నేలమీది రాజ్యాన్ని దాదాపు అంతా కొద్దివారాల్లో పోగొట్టుకుంది. అదే ఏడు తిరిగి చేతికొచ్చిన పాదువా మాత్రం హడావుడిగా పోసిన మట్టి కట్టల వెనక మాక్సిమిలియన్ చక్రవర్తి ముట్టడికి తట్టుకుంది. పోయిన వెరోనా 1517లో గానీ తిరిగి చేతికి రాలేదు. అక్కణ్ణుంచి వెనిస్ తన ఊళ్లన్నిటినీ కొత్త పద్ధతిలో కట్టుకోవడం మొదలుపెట్టింది.

వెరోనా బురుజులు, పోర్తా నువోవా, పోర్తా పాలియో ద్వారాలు, లెన్యాగో కోట, జాదర్‌లో నేల వైపున్న ద్వారం సాన్మికేలివి. 1537లో ఒట్టోమన్ తుర్కులు కోర్ఫు మీద పడ్డాక వెనిస్ ఆయన్ని సముద్రం దాటించి కోర్ఫు, క్రీట్ దీవులకు పంపింది. పోర్తా నువోవాను చూస్తే ఆయన మనసు తెలుస్తుంది. ముతక రాతి దిమ్మెలు, రోమన్ డోరిక్ స్తంభాలు ఒక రాజద్వారంలా కనిపిస్తాయి, దాని నెత్తి మీదేమో ఫిరంగుల అరుగు. రోమ్‌లో కొలిచి తెచ్చుకున్నదాన్ని యుద్ధం పనిలో అంత హుందాగా వాడినవాళ్లు తక్కువ.

వెనిస్ చుట్టూ ఉన్న ఉప్పునీటి మడుగు (లాగూన్) ముఖద్వారం దగ్గర 1540లలో కట్టిన సంత్ ఆంద్రేయా కోట ఇంకో తరహా సమస్య. శత్రువు నేలమీద రాడు, ఓడలో వస్తాడు. కాబట్టి ఇక్కడ మొనల లెక్క తక్కువ. నీటిమట్టానికి కాస్త పైన వరసగా ఫిరంగి కంతలు పెట్టాడు. గుండు నీటికి సమాంతరంగా పోయి ఓడను నీటిగీత దగ్గరే చీలుస్తుంది. చిక్కు పునాది. అది అలలు, ఆటుపోట్లు కొట్టే బురద దిబ్బ. పునాది చోటు చుట్టూ దుంగలతో దడి కట్టి, లోపలి నీరు ఎడతెగకుండా తోడుతూ పునాది వేశారు. పైన ఉప్పునీటికి తట్టుకునే ఇస్ట్రియా రాయి వాడారు. అన్ని ఫిరంగులూ ఒకేసారి పేలితే ఆ అదురుకు కోటే కూలుతుందని ఊళ్లో పుకారు పుట్టిందట. ఆయన ఆయుధాగారం నుంచి పెద్ద ఫిరంగులు తెప్పించి, మామూలుకు మించి మందు దట్టించి, అన్నిటినీ ఒక్కసారే పేల్పించి చూపాడని కళాకారుల జీవితాలు రాసిన సమకాలికుడు జార్జో వసారి చెప్పాడు. గోడ చెక్కుచెదరలేదు. 1797 ఏప్రిల్‌లో లోపలికి రాబోయిన ఫ్రెంచి ఓడ మీద ఈ కోట నుంచే ఫిరంగులు పేలాయి.

మట్టి, ఇటుక, నీరు: ఎక్కడ చెడుతుంది

గుండును ఆపేది వెనకున్న మట్టి. ఇటుక గోడ ఆ మట్టిని నిలబెట్టే తొడుగు. ఇటుక మెత్తగా పొడి అయి దెబ్బను మింగుతుంది. గట్టి రాయి పగిలి ముక్కలు ఎగురుతాయి, గోడ మీదున్నవాళ్లకు అవే గాయాలు చేస్తాయి. రాయిని మూలలకు, మొనకు, పాదానికి వాడటం సబబు.

ఇలాంటి గోడలకు శత్రువు కంటే ముందే వచ్చే ముప్పు వాన. తడిసిన మట్టి బరువెక్కి గోడను బయటికి తోస్తుంది. అందుకే గోడను వెనక్కి వాల్చి కట్టాలి. లోపలి వైపు మట్టిలోకి చొచ్చుకుపోయే ఆనుగోడలు కొంత దూరానికొకటి కట్టాలి. నీరు పోయే తూములు ఉండాలి. సున్నం ఆరకముందే మట్టి నింపేస్తే గోడ పొట్ట ఉబ్బుతుంది. మట్టిని పలచటి పొరలుగా పరిచి దిమ్మిస కొట్టకపోతే తర్వాత కుంగి, పైనున్న ఫిరంగి అరుగు ఒరిగిపోతుంది. తొందరలో కట్టిన కోటల్లో ఈ తప్పులన్నీ జరిగాయి.

ఆనుగోడలతో ఇంకో లాభం. ముందు తొడుగు కూలినా, వాటి మధ్య ఇరుక్కున్న మట్టి ఒక్కసారిగా కందకంలోకి జారదు. శత్రువుకు ఎక్కే దారి అంత సులువుగా ఏర్పడదు.

కనిపెట్టింది ఎవరు

అంతకుముందు బురుజులు గుండ్రంగా కట్టేవారనీ, కోణపు బురుజు సాన్మికేలితోనే, వెరోనాలోని మద్దలేనె బురుజుతోనే మొదలైందనీ వసారి రాశాడు. ఈ మాట శతాబ్దాల పాటు నిలిచింది. కానీ ముందు చెప్పిన ఆంతోనియోకు మేనమామలైన సంగల్లో అన్నదమ్ములు అంతకు పాతికేళ్ల ముందే ఈ దారిలో ఉన్నారు. రోమ్‌కు దక్షిణంగా సముద్రపు ఒడ్డున నెట్టూనో కోట 1501-03 మధ్య కట్టారు, దాని నాలుగు మూలలా కోణపు బురుజులే ఉన్నాయి. పైగా 1527లో మొదలైన మద్దలేనె బురుజు ఆయన వెనిస్ కొలువులో కుదురుకోకముందుది, కాబట్టి అది ఆయనదేనని కూడా గట్టిగా చెప్పలేం.

ఇంకో పేరు మర్చిపోకూడదు. వెనిస్ సేనాధిపతి, ఉర్బీనో ప్రభువు ఫ్రాంచెస్కో మరియా దెల్లా రోవెరె. ఏ ఊరికి ఎన్ని బురుజులు, ఎక్కడెక్కడ అన్నది 1538లో ఆయన చనిపోయేదాకా చాలావరకు ఆయన మాటే. దీన్నిబట్టి కొందరు సాన్మికేలిని ఒకరి ఆలోచనను కట్టి చూపించిన మేస్త్రీగానే చూస్తారు. ఇంకొందరు, కాగితం మీది గీతకూ బురదలో నిలిచే గోడకూ మధ్య ఉన్న దూరమే అసలు విద్య అంటారు. నాకు రెండో మాటలో న్యాయం ఎక్కువ కనిపిస్తుంది. అయినా కొత్తదాన్ని కనిపెట్టిన పేరు మాత్రం ఆయనకు చెందదు.

పరీక్ష: కాండియా, నికోసియా, ఫమగుస్తా

క్రీట్‌లోని కాండియా, నేటి హెరాక్లియన్. ఏడు బురుజుల కొత్త కోటకు 1538లో అక్కడికి వెళ్లిన సాన్మికేలే రూపమిచ్చాడు. పని ఆయన తర్వాత కూడా చాలాకాలం సాగింది. ఒట్టోమన్లు 1648లో ముట్టడి మొదలుపెట్టారు, 1669 సెప్టెంబరులో ఒప్పందం మీద ఊరు వాళ్లకు దక్కింది. 21 ఏళ్లు.

ఈ అంకెను గోడ ఘనతగా చెప్పేవాళ్లున్నారు. కొంచెం తగ్గించి చెప్పాలి. మధ్యలో చాలా ఏళ్లు అది దిగ్బంధం మాత్రమే, గట్టి దాడి 1667 నుంచి చివరి రెండేళ్లకు పైగా సాగింది. అన్నేళ్లూ వెనిస్ ఓడలు తిండి, తుపాకిమందు, మనుషులను తెచ్చిపోస్తూనే ఉన్నాయి. మరో వైపు, చివరి దెబ్బ ఎక్కడ పడిందో చూస్తే మొనల లెక్క ఎంత నిజమో తెలుస్తుంది. 1667లో ఆంద్రేయా బరొజ్జీ అనే వెనిస్ సైనిక ఇంజనీరు అవతలి పక్షంలో చేరి, బలహీన చోట్లు చెప్పేశాడు. అవి సముద్రానికి ఆనుకున్న రెండు చివరి బురుజులు, సంత్ ఆంద్రేయా (వెనిస్ కోటతో పేరు మాత్రమే ఒకటి), సబ్బియోనారా. వరస చివరన ఉన్న బురుజుకు కాపుకాసే పొరుగు ఒక్క వైపే ఉంటుంది. రెండో వైపు సముద్రమే. ఒడ్డును పట్టినవాడికి రేవుకు వచ్చే ఓడలూ ఫిరంగి దెబ్బకు అందుతాయి.

సైప్రస్‌లో కథ తిరగబడింది. నికోసియాకు జూలియో సవోర్న్యాన్ 1567లో పదకొండు బురుజులతో చక్కటి వృత్తాకారపు కోట గీశాడు. పటం మీద దానికి వంక పెట్టడానికి లేదు. కానీ 1570 వేసవికి దానికి రాతి తొడుగు పూర్తి కాలేదు, కందకం సరిగా తవ్వలేదు, నాయకత్వం బలహీనం. ఒట్టోమన్ల ముట్టడికి ఆరేడు వారాల్లో పడిపోయింది. అదే దీవిలో ఫమగుస్తాది పాత మధ్యయుగపు గోడ. దానికి మందం పెంచి, ఒక మూలన కొత్తగా మార్తినెంగో బురుజు చేర్చారు. దాన్ని గీసింది సాన్మికేలి బంధువు జాన్‌జిరోలమో. అతను ఆ దీవిలోనే చనిపోయాడు. ఈ అతుకుల కోట 1571 ఆగస్టు దాకా, దాదాపు 11 నెలలు నిలిచింది.

దాని ధర, దాని చుట్టూ వాదం

ఇలాంటి గోడ ఊరిని కాపాడొచ్చు, ఖజానాను కాదు. ఇటలీలోని సియెనా నగరం 1550లలో కొత్త కోటల మీద డబ్బంతా పోసింది. దాడి వచ్చేనాటికి పని సగంలో ఉంది, సైన్యాన్ని పోషించడానికి డబ్బు లేదు. 1555లో లొంగిపోయింది.

చరిత్రకారుల్లో పెద్ద వాదం ఇక్కడే ఉంది. కోణపు బురుజుల కోటను చుట్టుముట్టడానికి ఎక్కువమంది కావాలి, అందువల్లే యూరప్ సైన్యాలు, పన్నులు, ప్రభుత్వాలు పెరిగాయని జెఫ్రీ పార్కర్ వాదించాడు. ఫ్రెంచి ముట్టడి సైన్యాల లెక్కలు చూసిన జాన్ లిన్, వాటి పరిమాణం గోడ ఆకారాన్ని బట్టి పెరగలేదని, రాజ్యాలకు జనం, సంపద పెరగడమే కారణమని బదులిచ్చాడు. రెండు వాదాలకూ ఆధారాలున్నాయి. ఒక్కో దేశం విడిగా తీసుకుంటే ఒక్కో జవాబు వస్తుంది.

ఆసియా కోటలు ఈ వాదానికి ఇంకో ముడి వేస్తాయి. గోల్కొండ బురుజులు వంపువే, మొనలు లేవు. అయినా 1687లో ఔరంగజేబు సైన్యాన్ని ఎనిమిది నెలలు నిలబెట్టాయి. గోడ కింద పేల్చిన మందుపాతర ఎదురుతన్ని మొగలు సైనికులనే చంపింది. చివరికి ద్వారం లోపలి నుంచే తెరుచుకుంది. మొదటి నుంచీ గోడలు లావుగా, గ్రానైటు గుట్టల మీద కట్టుకున్నవాళ్లకు మొనల అవసరం అంతగా పడలేదన్న మాటలో నిజముంది. మొనలు అక్కరపడింది సన్నటి గోడలు, చదును నేలలు, పక్కపక్కనే కొట్టుకునే చిన్న రాజ్యాలు ఉన్నచోట.

వెరోనాలో మిగిలినది

1801లో లూనెవిల్ ఒప్పందంతో వెరోనా రెండు ముక్కలైంది. అదిజె నది కుడిగట్టు ఫ్రెంచి పక్షానికి, ఎడమగట్టు ఆస్ట్రియాకు. ఫ్రెంచివాళ్లు తమ వైపున్న సాన్మికేలి బురుజులను మందు పెట్టి పేల్చేశారు. 1830లలో ఆస్ట్రియన్లు వాటిని తిరిగి కట్టారు, అప్పటి తుపాకులకు తగ్గట్టు గోడ తీరు మార్చారు. ఈరోజు కుడిగట్టున కనిపించే బురుజుల్లో చాలావాటికి పటం 16వ శతాబ్దానిది, రాయి 19వ శతాబ్దానిది. వసారి ఘనంగా చెప్పిన మద్దలేనె బురుజు నదికి ఎడమగట్టున ఉంది. పేల్చే వంతు దానికి రాలేదు.